తిరుగని యంత్రమును గూర్చిన తీర్పు

ఒక వస్తువు పని చేయనప్పుడు, ఒక మనుష్యుడు మాటాడనప్పుడు, లోపము వానియందే కలదని మనము ఎంత త్వరగా నిశ్చయించుకొందుము! అట్లు నిశ్చయించుటకు మనకు గల అధికారమెట్టిది? ఈ ప్రశ్నను పెద్ద గ్రంథముల నాశ్రయించి చర్చింపవచ్చును. కాని మేము ఇచట ఒక పాత కారులోని స్టార్టరు మోటారును ఆధారముగా గైకొని విచారింపదలచితిమి. జనులు దానిని సెల్ఫు అందురు. సెల్ఫు అనగా తనంతట తాను అని గదా అర్థము. తనంతట తాను తిరుగు శక్తి దానికి లేశమైనను లేదు. బ్యాటరీ నుండి విద్యుత్తు వచ్చినచో తిరుగును, రానిచో ఊరకుండును. తిరుగనప్పుడు నింద మొత్తము దానిపై పడుటకు ఆ పేరే కొంత కారణమేమో యని మాకు తోచుచున్నది.

పూర్వము కారు ఎంజినును ముందువైపు నుండి ఇనుప హ్యాండిలు దూర్చి చేతితో త్రిప్పెడివారు. ఎంజిను ఎదురు తన్నినచో త్రిప్పువాని మణికట్టు విరుగుట కద్దు. 1912వ సంవత్సరపు క్యాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరు వచ్చిన పిదప ఆ బాధ క్రమముగా తొలగెను. మన దేశమున 2014 వరకు తయారైన అంబాసిడరు కారునందును పాత నమూనాలకు హ్యాండిలు సదుపాయము ఉండెడిది, పెద్దలకు జ్ఞాపకముండును. స్టార్టరు చేయు పని చూచుటకు చిన్నది. తాళము త్రిప్పగానే సోలనాయిడు అను స్విచ్చి మూసికొని బ్యాటరీ విద్యుత్తును మోటారునకు వదలును. మోటారు ఇరుసు మీది చిన్న పండ్లచక్రము జరిగి, ఫ్లైవీలు అంచునందలి పండ్లను పట్టుకొని, ఎంజినును ఒకటి రెండు క్షణములు త్రిప్పును; ఎంజిను రగులుకొనగానే వెనుకకు తప్పుకొనును. పాత కార్లలో ఈ జరుగుబాటు బెండిక్సు అను మరచుట్ల అమరిక వలన కలుగును. ఆ కొద్ది క్షణములకే సుమారు 150 ఆంపియర్ల ప్రవాహము కావలెను. ముందరి రెండు దీపములకు కలిపి 8 ఆంపియర్లు చాలునని తెలిసినచో ఈ పని యొక్క భారము బోధపడును.

మేమెరిగిన ఒక కుటుంబము కోయంబత్తూరు ప్రాంతమున కొన్ని తరములుగా స్థిరపడియున్నది. వారి ముంగిట ఒక పాత కారు మూడు నెలలు కదలక నిలిచెను. తాళము త్రిప్పగా టక్కుమని ఒక్క శబ్దము, పిదప నిశ్శబ్దము. పిలువగా వచ్చిన మెకానిక్కు, తెలుగు మాటాడువాడే, చెవియొగ్గి విని, "సెల్ఫు చచ్చిపోయిందయ్యా, కొత్తది వేసుకోవాల" అనెను. ఇంటి పెద్దాయన, "చచ్చిపోయిందని నీకెట్లా తెలిసింది నాయనా?" అని యడిగెను. "తిరగలేదు గదయ్యా, ఇంకేం కావాల?" అని యతడు చెప్పిన సమాధానము.

ఈ సమాధానమునందు లోకమున జరుగు అన్యాయములలో పెక్కింటి మూలము కలదు. తిరుగకుండుట గుర్తు, చచ్చుట దానినుండి తీసిన నిర్ణయము. ఆ గుర్తు ఆ నిర్ణయమును విడువక అంటియుండునా? 17వ శతాబ్దికి చెందిన మన ఆంధ్రుడు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును నేటికిని దేశమంతటను తర్కశాస్త్రమునకు తొలిపాఠముగా చదువుచున్నారు. కాశికి పోయినంత మాత్రమున అందరును అన్నంభట్టులు కారను లోకోక్తి కూడ పుట్టినది. పొరుగు నేలపై పేరు గడించిన తెలుగువాడు గావున మన వంటి కుటుంబములకు ఆయన దగ్గరి చుట్టము. పొగ యున్న చోట నిప్పు కలదని యూహింపవచ్చును గాని, నిప్పు కలదు గావున పొగయు కలదని చెప్పరాదని తార్కికులు బోధింతురు. ఎర్రగా కాలిన యినుప గుండునందు నిప్పు కలదు, పొగ లేదు. పొగ రావలెనన్నచో నిప్పునకు పచ్చికట్టె తోడు కావలెను. ఆ తోడును వారు ఉపాధి యందురు. చచ్చిన మోటారు తిరుగదు, నిజమే. తిరుగని మోటారెల్ల చచ్చినదని మాత్రము చెప్పరాదు. బ్యాటరీ నీరసించినను తిరుగదు. తీగ తుప్పుపట్టినను తిరుగదు. పండ్లచక్రము ఫ్లైవీలునందు ఇరుకుకొన్నను తిరుగదు. బ్రతికియుండియు తిరుగని యిన్ని సందర్భములు కన్నుల యెదుట నుండగా, ఒక్క గుర్తును పట్టుకొని మరణవార్త చెప్పుట తర్కము చేత నిలువదు. ఆడలేక మద్దెల ఓడన్నట్లు, పరీక్షింప నోపిక లేక యంత్రము చచ్చెనందుము.

పెద్దాయన యౌవనమున మోటారు మరమ్మతుల మధ్య తిరిగినవాడు. దీపములు వెలిగించి తాళము త్రిప్పుమని చెప్పెను. ఇది అన్నిటికంటె సులభమైన పరీక్ష, పైస ఖర్చు లేదు. దీపములు ఒక్కమారుగా మలిగిపోయినచో రెండు సందేహములు: బ్యాటరీ బలహీనము, లేదా మోటారు బిగిసిపోయి విద్యుత్తును ఊరక త్రాగుచున్నది. దీపములు తగ్గక వెలిగినచో ప్రవాహము మోటారును దాటి పోవుటయే లేదు. దారిలోనో, మోటారు లోపలనో తెగింపు కలదు. దీపములు వెలుగుచున్నవి గదా, బ్యాటరీ బాగున్నదని తలచువారు కలరు. 8 ఆంపియర్ల పని చేయగలిగినది 150 ఆంపియర్ల పని చేయునని పూచీ లేదు. దానిని విడిగా కొలిచి చూడవలెను. నిండుగా నున్న బ్యాటరీ నిలుకడగా 12.6 వోల్టులు చూపును; ఎంజినును త్రిప్పునప్పుడు 9.6 వోల్టులకు దిగువకు జారరాదు. ఆ యింటి కారునందు బ్యాటరీ కొలతలు సరిగా నుండెను, దీపములు ఇంచుమించు మునుపటివలెనే వెలిగెను. అనగా మోటారు బిగిసిపోలేదు. (బిగిసియున్నను భయములేదు. పాత మోటార్లు కొన్నింటి ఇరుసు చివర చతురస్రముగా నుండును. దానికి స్పానరు వేసి త్రిప్పినచో ఇరుకుకొన్న పండ్లచక్రము విడివడును. ఇరుకుకొన్నదానిని చచ్చినదని పారవేసిన ఇండ్లెన్నియో!)

పిదప చూడవలసినది ఎర్తు. విద్యుత్తు మోటారునకు పోవుదారిని అందరును చూతురు; తిరిగి వచ్చు దారిని చూచువారు తక్కువ. మోటారు పొట్టనుండి ఎంజినునకు, ఎంజిను నుండి రాగి అల్లికపట్టీ ద్వారా కారు చట్రమునకు, అచటినుండి బ్యాటరీకి ప్రవాహము మరలి పోవలెను. ఆ పట్టీ చివర రంగు క్రింద తుప్పు చేరినచో పైకేమియు కనబడదు. కేవలము 0.02 ఓముల అవరోధము దారికడ్డమైనను 150 ఆంపియర్ల వద్ద 3 వోల్టులు అచటనే వ్యర్థమగును. వోల్టుమీటరు ఒక కొనను బ్యాటరీ ఎర్తు మొనకు, మరియొక కొనను ఎంజిను దిమ్మకు ఆనించి తాళము త్రిప్పినచో ఆ నష్టము అంకెలలో కనబడును. అర వోల్టు దాటరాదు. ఇచట రెండు వోల్టులు దాటెను. అంతకంటె వింత, చోకు తీగ చేతికి వెచ్చగా తగిలెను. సరియైన దారి మూసికొనిపోగా, అంత భారమును మోయుటకు పుట్టని ఆ సన్నని తీగ గుండా ప్రవాహము తోవ వెదకికొనుచుండెను. కొన్ని కార్లలో అట్టి తీగలు కాలి పొగ వచ్చుట కూడ కలదు. అప్పుడు చోకు తీగను నిందించి దానిని మార్చినవారిని గూర్చియు వినియున్నాము.

పట్టీని విప్పి, తుప్పు గీకి, బిగింపగా నష్టము అర వోల్టునకు లోబడెను, మోటారు తిరిగెను. కాని నీరసముగా తిరిగెను. మూడుమారులలో ఒకమారు తిరుగనే లేదు. మెకానిక్కు ముఖమున చిరునవ్వు తోచెను. అతని మాటయందును కొంత నిజము లేకపోలేదు గదా. దోషము ఒక్కటే యుండవలెనను నియమము ప్రకృతిలో లేదు. ఒక కారణము దొరకగానే వెదకుట మానుట మరియొక రకపు తొందర.

అతడు స్పానరు వెనుకభాగముతో మోటారు పొట్టపై రెండు దెబ్బలు కొట్టెను. వెంటనే చక్కగా తిరిగెను. ఈ దెబ్బ దేశమందలి ప్రతి షెడ్డులోను ప్రసిద్ధము. మరునాడు మరల మొండికెత్తెను, మరల కొట్టవలసి వచ్చెను. మోటారు లోపల కార్బన్ బ్రష్షులు తమ గూళ్ళలో జారుచు కమ్యుటేటరును ఒత్తుకొని యుండవలెను. దుమ్ము చేరి ఒక బ్రష్షు గూటిలో అంటుకొన్నచో కదలిక వలన అది క్షణకాలము క్రిందికి జారును. దెబ్బ చెప్పినది ఇంతే: లోపల ఏదో అంటుకొన్నది. దానిని చికిత్సయని భ్రమపడినవారు కొట్టుచునే యుందురు, ప్రతిమారును కొంచెము గట్టిగా. పూర్వపు బడులలో బెత్తము దెబ్బకు ఒకనాడు పాఠము ఒప్పజెప్పిన పిల్లవానిని ఏడాది పొడవునను కొట్టిన పంతుళ్ళ తర్కము కూడ ఇట్టిదే. ఇటీవలి మోటార్లలో తీగచుట్లకు బదులు శాశ్వత అయస్కాంతములుండును. దెబ్బకు అవి పగిలిపోవును. పాతది దెబ్బలకు తట్టుకొన్నదని క్రొత్తదానిని కొట్టువారికి ఈ భేదము తెలియవలెను.

ఇక విప్పకతప్పదు. మొదట బ్యాటరీ ఎర్తు తీగను విప్పవలెను. లేనిచో స్పానరు కారు ఒంటికి తగిలి నిప్పులు కురియును. ఏ మొన ఎర్తో కన్నులతో చూచియే విప్పవలెను. 1960ల నడుమ వరకు వచ్చిన బ్రిటిషు కార్లు పెక్కింటిలో నేటి వాడుకకు విరుద్ధముగా ధన మొనయే ఎర్తుగా నుండెడిది. స్టార్టరును గేరుబాక్సు పెట్టెకు పట్టియుంచునవి సామాన్యముగా రెండు బోల్టులు. క్రిందిది కంటికి కనబడును, సులభముగా వచ్చును. పైది పొగగొట్టము చాటున, చేయి దూరని చోట, వేడికి కాలి తుప్పుతో ఒకటైపోయి యుండును. ఈ పై బోల్టు వద్దనే మనుష్యుని స్వభావము బయటపడునని మా యభిప్రాయము. తొందరగలవాడు తెరచిన నోటి స్పానరు తగిలించి బలముకొద్దీ లాగును. బోల్టు తల మూలలు అరిగి గుండ్రమగును. ఆ పిదప దేవుడు కూడ దానిని సులభముగా విప్పలేడు. తెలిసినవాడు తుప్పుపై కిరసనాయిలు పోసి, నెమ్మదిగా తట్టి, రాత్రంతయు నాననిచ్చును. ఉదయమున ఆరు మూలలను పట్టు రింగు స్పానరు వేసి, మొదట విప్పు దిక్కునకు గాక బిగించు దిక్కునకు రవంత కదల్చి చూచును. తుప్పు పట్టు చిట్లి, తరువాత వెనుకకు వచ్చును. మొండితనము బోల్టుదా, రాత్రి నిదానింపలేని చేతిదా యని అచట నిలిచి చూచినవారికి సందేహము కలుగక మానదు. ఆ యింట ఆ బోల్టు మరునాటి ఉదయమున తొమ్మిది గంటలకు వచ్చెను.

విప్పి చూచుటయే విద్యగా గైకొన్న మహనీయుడొకడు ఆ ప్రాంతమువాడే యగుట చెప్పదగినది. 1893లో కోయంబత్తూరు చేరువ కలంగల్ గ్రామమున తెలుగు కుటుంబమున జనించిన జి. డి. నాయుడుగారు, యౌవనమున ఒక మోటారు సైకిలును చూచి ముగ్ధులై, హోటలులో పనిచేసి సొమ్ము కూడబెట్టి దానిని కొని, భాగభాగములుగా విప్పి మరల కూర్చి యంత్రవిద్య నేర్చిరని చెప్పుదురు. 1920లో ఒక్క బస్సుతో మొదలిడి గొప్ప రవాణా సంస్థను నిర్మించిరి. 1937లో దేశమున తొలి స్వదేశీ విద్యుత్ మోటారుగా పేరొందినది వారి పూనికతోనే తయారయ్యెను. 1974లో దివంగతులైరి. ఆయన ఖ్యాతిని ఇచట స్మరించుట కేవలము మనవాడను గర్వముచేత గాదు. మూతవేసిన వస్తువు లోపల ఏమున్నదో తెలియక దానిపై మాట చెప్పరాదను పట్టుదల ఆ జీవితమంతట కనబడును.

బయటికి వచ్చిన మోటారును విప్పగా, నాలుగు బ్రష్షులలో ఒకటి నల్లని దుమ్ముతో గూటిలో బిగిసియుండెను, కమ్యుటేటరు నల్లబడియుండెను. ఆర్మేచరు కాలిన వాసన లేదు, తీగచుట్లు చెడలేదు. గూళ్ళను తుడిచి, కమ్యుటేటరును సన్నని గాజుకాగితముతో మెరయించిరి. ఇచట ఎమెరీ కాగితము వాడరాదు. దాని రేణువులు విద్యుత్తును ప్రసరింపజేసి రాగి పలకల నడుమ చేరి కీడు చేయును. బెండిక్సును కిరసనాయిలుతో కడిగి పొడిగానే విడిచిరి. ప్రేమకొద్దీ దానికి గ్రీజు పూయువారు కలరు. ఆ జిగటకు దుమ్ము పట్టి పండ్లచక్రము జరుగుట మానును.

పిదప బెంచి వైసులో మోటారును గట్టిగా బిగించి, లావు తీగలతో బ్యాటరీ తగిలించిరి. బిగింపక తగిలించినచో ఎదురు తోపుడు వలన అది బల్లమీదినుండి ఎగిరి కాలిపై పడును. జుయ్యిమని తిరిగెను. మెకానిక్కు సంతోషించి, "బాగుందయ్యా" అనెను. పెద్దాయన తల యూపలేదు. బెంచిమీద దాని భుజముపై ఏ భారమును లేదు, ప్రవాహము మూడవ వంతైనను తీసికొనదు. అరిగిన బుష్షు గలదియు, సగము బలము తగ్గినదియు బెంచిమీద చక్కగనే తిరుగును. నిజముగా తెలియవలెనన్నచో ఇరుసునకు మీట బిగించి త్రాసు తగిలించి దాని బలమును కొలువవలెను, లేదా కారునందు మరల అమర్చి ఎంజిను బరువు మోయునప్పుడు వోల్టులను చూడవలెను. ఇదివరకు చచ్చినదని చెప్పిన నోటనే ఇప్పుడు బాగున్నదని చెప్పుట, మునుపటి తొందరకు తమ్ముడే.

ఇచట మెకానిక్కు పక్షమున చెప్పవలసినది కలదు. చెప్పకున్న మేము కూడ విచారింపక తీర్పు చెప్పినవారమగుదుము. అతని దినము విలువ గలది. విప్పుటకు ఒక పూట, నానుటకు ఒక రాత్రి, శుభ్రపరచుటకు మరియొక పూట. క్రొత్త మోటారు రెండు గంటలలో అమరును, దానికి పూచీకాగితము వచ్చును, మరల మూడు నెలలకు యజమాని వచ్చి కలహింపడు. "మీ పాతదానిపై నేను వెచ్చించు కాలమునకు కూలి మీరీయరు, కావున క్రొత్తది వేయుదము" అని యతడు చెప్పియుండినచో అందు దోషమేమియు లేదు. అది నిర్ణయము, దానికి సౌకర్యము చాలిన కారణము. కాని అతడు "చచ్చిపోయింది" అనెను. అది సాక్ష్యము. సాక్ష్యమునకు సౌకర్యము కారణము కాజాలదు. యజమానికి లోపల చూచు కన్ను లేదు, చెప్పినది నమ్మును. నమ్మినవానికి చూడనిదానిని చూచినట్లు చెప్పుట, మోసమను తలంపు లేకున్నను, అప్పుపడినట్లే. సొమ్ములేక పనివానిని మానిపించు యజమాని "నీవు పనికిరావు" అని పంపుటయు, పోషింపలేక వృద్ధాశ్రమమునకు చేర్చు కుమారుడు "నాన్నకు ఏమియు తెలియుట లేదు" అని చుట్టములతో ననుటయు ఈ జాతివే. విడుచుటకు మనకు కారణములుండవచ్చును. ఆ కారణములను చెప్పుటకు సిగ్గుపడి, విడువబడినదానిపై లేని దోషమును వ్రాయుచున్నాము.

ఈ సంచికను చదువువారి యిండ్లలో ఇట్టి మరణవార్త ఒకటి తరచుగా వినబడుచున్నది. మదురలోనేమి, హోసూరులోనేమి, బరంపురములోనేమి, షోలాపురములోనేమి, పెద్దలు కూడినప్పుడు "మా పిల్లల తెలుగు చచ్చిపోయింది" అందురు. ఎట్లు తెలిసినది? విజయవాడ నుండి వచ్చిన చుట్టము ప్రశ్నింపగా పిల్లవాడు మాటాడలేదు. తిరుగలేదు గదా, ఇంకేమి కావలెను! ప్రవాహము వచ్చు దారిని ముందు చూడవలెను. బరంపురము 1936లో ఒడిషా రాష్ట్రమునందు చేరినది. తమిళనాడునందు 2006 నాటి చట్టము తమిళ అభ్యసనమును తరగతివారీగా తప్పనిసరి చేసినది. ఆ రాష్ట్రముల భాషను ఆ రాష్ట్రములు నేర్పుట న్యాయమే, మన పిల్లలు దానిని నేర్చుటయు వారికి మేలే. కాని బడిలో తెలుగు గంట లేని పిల్లవాని నాలుకను పరీక్షించునప్పుడు ఆ సంగతి లెక్కకు రావలెను. తిరిగి వచ్చు దారి యింటనున్నది: పిల్లవాడు తెలుగులో నొకమాట యన్నప్పుడు ఉచ్చారణకు నవ్వక బదులు చెప్పు మనిషి యున్నాడా? ఆ పట్టీకి తుప్పు పట్టినచో పిల్లవాడు వచ్చిన మాటలను వేరు భాషా మార్గమున పంపును.

అవ్వతో వంటింట గలగల మాటాడుట చూచి "మావాడి తెలుగుకేమి లోటు" అని మురియువారును కలరు. అది బెంచిమీది తిరుగుడు. దుఃఖమున నున్న బంధువునకు ఒక ఉత్తరము వ్రాయవలసి వచ్చినప్పుడు, పంచాయతీలో తన న్యాయము చెప్పుకొనవలసి వచ్చినప్పుడు ఆ తెలుగు బరువు మోయునా యనునది వేరు పరీక్ష. ఇంగ్లీషు చాలును, తెలుగునకు వెచ్చించు కాలము మాకు లేదని ఒక కుటుంబము నిర్ణయించుకొనవచ్చును. దానిని మేము ఆక్షేపింపము. పిల్లవానికి రాదను మాట మాత్రము, నేర్పి చూడకముందు, వాని యెదుట అనకుందురు గాక. వాడు దానిని నమ్మును.

కోయంబత్తూరు ఇంటికి మరలుదము. మోటారును అమర్చి, ఎర్తు తీగ చివరగా తగిలించి తాళము త్రిప్పిరి. వోల్టుమీటరు 10.4 వద్ద నిలిచెను, ఎంజిను రెండవ చుట్టునకే రగిలెను. ఆర్మేచరు చివరి బుష్షు కొంచెమరిగినదని పెద్దాయన గమనించి, ఏడాదికి మరల విప్పవలసి వచ్చునని ఒక కాగితముపై వ్రాసి బానెట్టు లోపల అంటించెను. మెకానిక్కు రెండు పూటల కూలియు, రాత్రి నాననిచ్చినందులకు మరికొంతయు తీసికొనెను. పోవుటకు ముందు అతడు పై బోల్టును మరల బయటికి తీసి, మరలకు గ్రీజు పూసి బిగించెను; అట్లు చేయుమని అతనికెవరును చెప్పలేదు.